తెల్ల స్లాటున్న బోర్డు

3, మంగళవారం

మదర్‌బోర్డును నేనే చంపానని ఓనరు ఈరోజు పదిమంది ముందు అన్నాడు. "చంపావు" అనే మాటే వాడాడు, నడిరోడ్డు మీద ఎవరినో పొడిచి వచ్చినదానితో మాట్లాడినట్టు. పదిమంది అంటే నిజంగా పదిమందే, లెక్కపెట్టాను. కటింగ్ వాళ్లు నలుగురు, పాలిష్ వాళ్లు ముగ్గురు, బాబాయ్, లారీ డ్రైవరు, అల్లుడుగారు. అల్లుడుగారు ఒక్కరే తల ఊపారు. మిగతావాళ్లు కిందున్న చెక్కపొట్టును చూస్తూ నిలబడ్డారు. చెక్కపొట్టులో అంత చూడదగ్గది ఏముందో నాకు తెలియదు.

చచ్చినదాని వయసు పద్నాలుగేళ్లు. తలుపుల మీద పువ్వులూ లతలూ చెక్కే మిషను కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన కంప్యూటరు. పద్నాలుగేళ్లు చెక్కపొట్టు పీల్చింది, రేకుల కింద ఉడికింది, ఒక్కరోజు సెలవు అడగలేదు. అలాంటి ఉద్యోగి చచ్చిపోతే హత్య అంటారా, విముక్తి అంటారా? మూత తీసి చూపించాను. ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఆరు ఉబ్బిపోయి ఉన్నాయి. రెండు కారాయి కూడా.

"ఇది ముసలితనం సార్."

"నువ్వొచ్చేదాకా బాగానే ఉంది."

నేనొచ్చి మూడేళ్లు. ఈ మూడేళ్లలోనే ఆయనకు బట్టతల కూడా వచ్చింది. అదీ నామీదే వేయమని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

పొద్దున నేను ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. రోజూ ఎలా ఆన్ చేస్తానో అలాగే చేశాను.

స్కూలుకు ఇవ్వాల్సిన తలుపులు నలభై. చెక్కినవి పదమూడు.

4, బుధవారం

"నీకు తెలుసుగా, నువ్వే పోయి ఏదో ఒకటి చూసిరా" అన్నాడు ఓనరు. హంతకురాలికే అంత్యక్రియల కాంట్రాక్టు.

మదర్‌బోర్డు ఎంచడం నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తర్వాత నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. మిషనుతో వచ్చిన పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. విప్పాను, బిగించాను, రెండుసార్లు షాక్ కొట్టించుకున్నాను. నా సర్టిఫికెట్ అదే, గోడకు తగిలించుకోవడానికి కుదరదు.

నాకు అర్థమైంది ఇదీ. కొత్త బోర్డు ఎంచేముందు కొత్త బోర్డుల్ని చూడకూడదు. పాత పెట్టెలో ఏం మిగిలిందో చూడాలి. మాకు మిగిలినవాటిలో విలువైనది ఒక్కటే, మిషను కార్డు. అరచేయంత ఉంటుంది. కంప్యూటరు చెప్పిన మాటను మిషనుకు చేరవేసేది అదే. మిషను పక్కనున్న ఎర్ర బటన్ నొక్కితే అంతా ఆగిపోతుంది, ఆ బటన్ తీగ వచ్చి కలిసేదీ ఆ కార్డులోనే. అది కూర్చునేది పాతకాలపు తెల్ల స్లాటులో. ఇప్పటి బోర్డుల మీదున్నవి వేరే స్లాట్లు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు.

నాలుగు కొట్లు తిరిగాను. తెల్ల స్లాటు అనగానే మూడు కొట్ల వాళ్లు నన్ను మ్యూజియంలోంచి తప్పించుకొచ్చినదాన్ని చూసినట్టు చూశారు. నాలుగోది పాతసామాన్ల కొట్టు. అక్కడి ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకున్నాడు.

"మిషనుకా, ఆటలకా?"

"మిషనుకు తాతా. చెక్కను చెక్కేది."

"అయితే అందం అడగవన్నమాట."

"తెల్ల స్లాటుండాలి, కెపాసిటర్లు ఉబ్బకూడదు. అంతే."

"కోరికలు తక్కువున్న పిల్లవి. కష్టపడతావు" అంటూ మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిదానికి స్లాటుంది, కెపాసిటర్లు మావాటికంటే అధ్వాన్నం. రెండోదానికి స్లాటులో రెండు పళ్లు విరిగాయి. మూడోది ఏదో ఆఫీసులోంచి తీసేసినది. ఆకుపచ్చ రంగు, ఒక్క లైటు లేదు, గట్టి కెపాసిటర్లు, తెల్ల స్లాట్లు రెండు. ప్రాసెసరూ మెమరీ దాని మీదే ఉన్నాయి. బల్ల మీదే కరెంటిప్పించి గంటసేపు నడిపాను. కనురెప్ప కొట్టలేదు. శనివారం దాకా ఎవరికీ అమ్మనన్నాడు.

మూడేళ్లలో ఈ షెడ్డు కోసం నేను ఎంచిన మొదటి వస్తువు. చాలా సాదాగా ఉంది. నాకు నచ్చింది.

5, గురువారం

అల్లుడుగారు కంప్యూటర్లు చదివారట. ఏం చదివారో ఎవరూ చూడలేదు. ఓనరు కూతుర్ని చేసుకున్నారు, అది మాత్రం అందరూ చూశారు. మిషను దగ్గరకు రారు, దుమ్ము పడదు.

"సెకండ్ హ్యాండా?" అన్నారు, ఎవరో చచ్చిన ఎలుకను తోక పట్టుకుని చూపించినట్టు మొహం పెట్టి.

"మిషను కార్డుకు తెల్ల స్లాటు కావాలి సార్. కొత్తవాటిలో ఉండదు."

"స్పీడెంత?"

"మన మిషనుకు కావాల్సినదానికి రెండింతలు."

"పదింతలున్నవి దొరుకుతుంటే రెండింతలేంటి? మామయ్యా, మీరే చెప్పండి. కారు కొనేటప్పుడు ఎడ్లబండి చక్రం పట్టేదే కావాలని అడుగుతామా?"

ఓనరు నవ్వాడు. అల్లుడు నోరు విప్పగానే నవ్వడం ఆయనకు ఇంట్లో అలవాటైన పని.

"మనకున్నది ఎడ్లబండే సార్. చక్రం దానికే కదా పట్టాలి" అన్నాను.

"దీనికి నోరెక్కువ" అన్నాడు ఓనరు, అల్లుడితో, నేను అక్కడ లేనట్టు.

నాకేం కోపం రాలేదు.

6, శుక్రవారం

అల్లుడుగారి బోర్డు వచ్చింది. పెట్టె మీద నోట్లోంచి మంటలు కక్కే జంతువు బొమ్మ. కరెంటివ్వగానే అంచులన్నీ ఎరుపు, నీలం, పచ్చ వెలిగాయి. పాలిష్ వాళ్లు చేతులు తుడుచుకుని మరీ వచ్చి చూశారు. పైన పటారం, లోన లొటారం అని మనసులో అనుకున్నాను. తర్వాత పైకి కూడా అన్నాను.

మధ్యాహ్నం కార్డు పెట్టబోయారు. పట్టలేదు. అల్లుడుగారు అటు తిప్పారు, ఇటు తిప్పారు, నొక్కారు, ఊదారు. ఓనరు వచ్చాడు. నలభై ఏళ్లుగా తలుపులు చేయిస్తున్న మనిషి. తలుపు చట్రంలో పట్టకపోతే చిత్రిక పడతాం, పడుతుంది. ఆయన లోకంలో పట్టనిదంటూ లేదు, ఇంకా గీకనిది ఉంటుంది, అంతే.

"ఎంత అడ్డొస్తోంది?"

"రెండు మిల్లీమీటర్లు మామయ్యా. గాడి కూడా వేరేచోట ఉంది."

"రెండు మిల్లీమీటర్లకు ఇంత గొడవా! ఏమయ్యా, సన్న ఆకురాయి పట్టుకురా" అని బాబాయ్‌ను కేకేశాడు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. షెడ్డులో అందరికంటే పాత వడ్రంగి. ఆయన తలుపు కూర్చోబెడితే సందులో వెంట్రుక దూరదు. నేను కొత్తగా చేరినప్పుడు ఏ చెక్క ఎటు చీలుతుందో చూపించింది ఆయనే.

"సార్, అది చెక్క కాదు. ఆ బంగారు రంగు పళ్లలోంచే కరెంటు పోతుంది. గీకితే చస్తుంది" అన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి అరిచాను.

"ఒకదాన్ని చంపింది చాలక మళ్లీ నీతులా?"

బాబాయ్ నావైపు చూశాడు. ఓనరువైపు చూశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు గెలిచింది.

"చిన్నగా పడతాలే తల్లీ."

చాలా అందంగా గీకాడు. అంచు అద్దంలా వచ్చింది. కొత్త గాడి కోశాడు, పెన్సిలుతో గీసినట్టు. ఈ లోకంలో ఇంత నేర్పుగల చేతిలో చచ్చిన కార్డు ఇంకోటి ఉండదు. స్లాటులో టక్కున కూర్చుంది. చప్పట్లు కొట్టారు. కరెంటిచ్చారు. సన్నటి పొగ, వార్నిష్‌ను మించిన కంపు.

లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఎరుపు, నీలం, పచ్చ.

7, శనివారం

చెక్కినవి ఇంకా పదమూడే. నాకేం కోపం లేదు.

8, ఆదివారం

"ఏమే, నా జుట్టు ఆరబెట్టుకునే మిషను ఏది?" అమ్మ తడితల తుడుచుకుంటూ అడిగింది.

"నాకేం తెలుసు?"

"మూడు నెలలైంది కనపడక. కాళ్లొచ్చాయా దానికి?"

"వచ్చే ఉంటాయి."

"నీ మొహమే చెబుతోందిలే. ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. పనిచోట ఉంది."

"ఎందుకూ, తలుపులకు తలంటు పోస్తున్నారా అక్కడ?"

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా దీనికి కూడా ఐదు రోజుల కిందట అబద్ధం చెప్పాను. రోజూ ఎలా ఆన్ చేస్తానో అలాగే చేశానని రాశాను. రోజూ ఎలా చేస్తానంటే, అందరికంటే అరగంట ముందు వెళ్తాను. మూత తీస్తాను. ఆ ఉబ్బిన కెపాసిటర్లకు అమ్మ డ్రైయరుతో నాలుగు నిమిషాలు వేడిగాలి కొడతాను. వేడెక్కితే కంప్యూటరు లేస్తుంది, చల్లగా ఉంటే లేవదు. మూడు నెలలుగా ఇదే. నేను జ్వరంతో రాని రోజు ఎవరు నొక్కినా లేవలేదట. మర్నాడు నేను వెళ్లాక లేచింది. "ఈ పిల్లది మంచి హస్తవాసి" అన్నాడు ఓనరు. ఆ మాట నాకు ఎంత బాగుందో రాయడానికి సిగ్గుగా ఉంది.

మొదటి రోజే చెప్పి ఉంటే తొందర లేనప్పుడే నెమ్మదిగా తెల్ల స్లాటు బోర్డు వెతికి పక్కన పెట్టుకునేవాళ్లం. చెప్పలేదు. చెబితే అల్లుడుగారు కొత్త కంప్యూటరు తెస్తారు, అది ఎవరు నొక్కినా లేస్తుంది, ఇక నేనెందుకు?

అయినా నేను చంపలేదు. చావబోయేదాన్ని మూడు నెలలు బతికించాను. అలా కూడా చూడొచ్చు.

చూడొచ్చు కదా.

9, సోమవారం

కాలిన కార్డు బదులు అల్లుడుగారు ఒక డబ్బా తెచ్చారు. అగ్గిపెట్టెకు అన్నలా ఉంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలిస్తే చాలట. మిషను కదిలింది. ఒప్పుకోవాలి, బాగానే చెక్కింది. అందరూ సంతోషించారు. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషం వల్ల కాదు.

ఎర్ర బటన్ తీగ పెట్టడానికి మాత్రం ఆ డబ్బాలో చోటు లేదు. "ఆపే బటన్ కనపడటం లేదు" అని తెర మీద మాటిమాటికీ హెచ్చరిక వస్తుంటే అల్లుడుగారు ఆ హెచ్చరికనే రాకుండా చేశారు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు విరిచేసినట్టు.

"సార్, బటన్ నొక్కితే మిషను ఆగట్లేదు."

"స్క్రీన్ మీద స్టాప్ ఉందిగా, మౌస్‌తో నొక్కు."

"చెయ్యి ఇరుక్కున్నవాడికి మౌస్ ఎక్కడ అందుతుంది?"

"చెయ్యి పెట్టొద్దు. సింపుల్."

ఓనరుకు చెప్పాను. "తలుపులు అయిపోనీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. బాబాయ్‌కి చెప్పాను. "నువ్వున్నావుగా" అన్నాడు.

ముగ్గురికి చెప్పాను. చెప్పడంతో నా పని అయిపోయింది. తర్వాత కూర్చుని నాలుగు తలుపులు చెక్కాను. పదిహేడు.

10, మంగళవారం

ఐదు తలుపులు. ఎర్ర బటన్ మీద "పనిచేయదు" అని కాగితం అంటించాను. అల్లుడుగారు పీకేశారు. తలుపులు చూసుకోవడానికి స్కూలువాళ్లు వస్తే బాగుండదట.

11, బుధవారం

ఐదు. నాకేం భయం లేదు.

12, గురువారం

బాబాయ్ ఎడమ చెయ్యి.

13, శుక్రవారం

రాయాలి. లేకపోతే రేపటికల్లా నాకు కూడా ఓనరు చెప్పినట్టే గుర్తుంటుంది.

ఇరవై తొమ్మిదో తలుపు. బాబాయ్ మిషను పక్కన నిలబడి ఉన్నాడు. "ఆపవే, బిగింపు వదులైంది" అన్నాడు. తెర మీద స్టాప్ నొక్కాను. సరిగ్గా అప్పుడే ఎవరో దుమ్ము లాగే పెద్ద మోటారు వేశారు. ఆ దెబ్బకు కంప్యూటరుకూ డబ్బాకూ మాట తెగింది. మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది. మిషను తల పైకి లేచి నిలబడింది. ఒక గీత అయ్యాక ఇంకో గీతకు పోయేముందు ఎప్పుడూ అలా ఓ క్షణం నిలబడుతుంది. ఆగిందనుకున్నాడు బాబాయ్. నేనూ అనుకున్నాను. చెయ్యి పెట్టాడు. కంప్యూటరు ముందే పంపిన గీతలు డబ్బాలో ఇంకా మిగిలి ఉన్నాయి, మిషను తల మళ్లీ కిందికి దిగింది.

అప్పుడు నా చెయ్యి ఎక్కడికి పోయింది? ఎర్ర బటన్ మీదకు. అది పనిచేయదని నాకు తెలుసు. కాగితం రాసి అంటించింది నేనే. అయినా మూడేళ్లుగా నా చేతికి తెలిసిన దారి అదొక్కటే. నొక్కాను. మళ్లీ నొక్కాను. మూడోసారి కూడా నొక్కాను. ఆ తర్వాత గోడ దగ్గరకు ఉరికి మెయిన్ లాగాను. ఈలోపల చిటికెన వేలు పోయింది, ఉంగరం వేలు సగం.

ఈరోజు పొద్దున ఆసుపత్రికి వెళ్లాను.

"ఏడవకే. కుడిచెయ్యి కాదుగా" అన్నాడు బాబాయ్.

"ఉలి పట్టేది కుడి, చెక్క పట్టేది ఎడమ. నాకు చెప్పకు బాబాయ్."

"ఆ కార్డు గీకింది నేనే కదా తల్లీ."

"వాళ్లు గీకమన్నారు."

"వాళ్లకు తెలీదు కాబట్టి అన్నారు. నువ్వు తెలిసి అరిచావు. వినాల్సింది నేనే." కట్టు సర్దుకున్నాడు. "సంతకం కోసం మామా అల్లుళ్లు నీ దగ్గరకు కూడా వచ్చారా?"

"దేనికి?"

"ఏదో పుస్తకం తెచ్చారు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించి, రాయలేనన్నా. అయ్యో పాపం అని వెళ్లిపోయారు. రెండో చెయ్యి సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదే!"

ఇద్దరం నవ్వాం. నర్సు వచ్చి తిట్టింది.

షెడ్డుకు వెళ్లేసరికి ఆ పుస్తకం ఓనరు బల్ల మీద నాకోసం తెరిచి ఉంది. ప్రమాదాల పుస్తకం. "ఆపరేటరు మిషను ఆపకుండా అజాగ్రత్తగా పక్కకు చూస్తుండగా" అని రాసి ఉంది. అల్లుడుగారి చేతిరాత. చదువుకున్నాయన కదా, గుండ్రంగా ఉంది.

"పెట్టు" అన్నాడు ఓనరు.

"నేను ఆపాను సార్. బటనే..."

ఆయన సొరుగు లాగి అమ్మ డ్రైయరు తీసి పుస్తకం పక్కన పెట్టాడు. గులాబీ రంగుది. పిడికి అమ్మ వెంట్రుక ఒకటి ఇంకా చుట్టుకునే ఉంది.

"నీ బల్ల కింద దొరికింది. దీంతోనే బోర్డు కాల్చావని అల్లుడు అంటున్నాడు. నేను ఎవరికీ చెప్పనులే. రేపు ఇంకోచోటికి వెళ్లినా నీకు పని దొరకాలి కదా. నువ్వు ఇక్కడ సంతకం పెట్టు, నేను ఆ సంగతి మర్చిపోతా. ఇద్దరికీ మంచిది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎంత దయగల మనిషి! నా తప్పు దాచిపెట్టడానికి ఆయన తప్పు కూడా నన్నే మోయమంటున్నాడు.

"రేపు చెబుతాను సార్" అన్నాను.

సార్ అన్నాను. ఇంకా.

14, శనివారం

అమ్మకు చెప్పాను. డ్రైయరు, బటన్, పుస్తకం, అంతా. జరిగింది జరిగినట్టు రాసిస్తానన్నాను.

"రాసిస్తే ఉద్యోగం పోతుందేమో" అంది అమ్మ.

"పోతే పోనీ."

"అలా అనకు, అది కడుపు నిండినవాళ్లు అనే మాట. సంతకం పెట్టకు. పెట్టకుండానే పని కూడా ఉండేట్టు రాయి. నీకు నోరుందిగా, కాగితం మీద కూడా పెట్టు."

రాశాను. సాయంత్రం రెండు ప్రతులు శుభ్రంగా ఎక్కించి ఒకటి ఇచ్చి వస్తాను.

"ప్రమాదాల పుస్తకంలో మీరు రాయించింది అబద్ధం. దాని కింద నేను సంతకం పెట్టను.

పాత బోర్డు సంగతి మీరు దాచాల్సిన పనిలేదు, నేనే రాసిస్తున్నాను. అది చచ్చేలా ఉందని నాకు మూడు నెలల ముందే తెలుసు. డ్రైయరుతో వేడిచేసి లేపుతూ మీకు చెప్పలేదు. తప్పు నాదే. దానికి ఏం శిక్ష వేస్తారో వేయండి, కాగితం మీద వేయండి. ఎర్ర బటన్ పనిచేయడం లేదని తొమ్మిదో తేదీన మీకూ మీ అల్లుడికీ చెప్పాను. మీరిద్దరూ విన్నారు, అయినా నడపమన్నారు. నేను నడిపాను. అది కూడా నా తప్పే, అదీ రాసుకోండి. కానీ మీది మీరు రాసుకోండి.

పాతసామాన్ల కొట్టులో నేను ఎంచిన ఆకుపచ్చ బోర్డు ఇంకా ఉంది, ఈ పొద్దున వెళ్లి చూశాను. కాలిపోయిన కార్డులాంటిది వారంలో తెప్పిస్తానని ఆ కొట్టాయన అన్నాడు. ఆ రెండూ కొనండి. ఎర్ర బటన్ నొక్కితే మిషను ఆగడం బాబాయ్ వచ్చి తన కళ్లతో చూసేదాకా దాన్ని నేను ఆన్ చేయను, ఇంకెవరూ చేయకూడదు. మిషను ఆపి ఉంచినందుకు నన్ను పనిలోంచి తీయకూడదు. పుస్తకంలో ఆ రాత కొట్టేసి, జరిగింది జరిగినట్టు, నేను చెప్పిన తేదీతో సహా రాయండి. చెయ్యి మానేదాకా బాబాయ్ జీతం ఆగకూడదు, మానాక ఆయన పని పోకూడదు.

వీటిలో ఒకటి చేసి ఒకటి వదిలేస్తామంటే కుదరదు.

సోమవారం పొద్దున పది గంటల్లోపు జవాబు కావాలి. నోటిమాట కాదు, కాగితం మీద, మీ సంతకంతో. ఇంకో ప్రతి నా దగ్గరుంది. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసు పదిన్నరకు తెరుస్తారట, కనుక్కున్నాను."